బేగం బతుకు ఇరవై ఏడేళ్లే!

ప్రేమించిన వాణ్నే పెళ్లాడింది. ఇద్దరు బిడ్డల తల్లయింది. పంతొమ్మిదేళ్లకే అన్నీ పోగొట్టుకుంది... ఖైరున్నిసా కథ ఇది.

'దత్త మండలాలు' అన్న మాట నంద్యాల, ఆళ్లగడ్డ వాసులకు కొత్తేమీ కాదు. 1928లో నంద్యాల సభలోనే ఆ పేరు వద్దనుకుని 'రాయలసీమ' అని పెట్టుకున్నారు. పాత పేరుకు మూలం 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందం. ఆళ్లగడ్డ పక్కనున్న కోయిలకుంట్లతో సహా కడప, బళ్లారి సీమల్ని నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. కంపెనీ తరఫున సంతకం పెట్టింది హైదరాబాద్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. సీమను రాయించుకున్న ఆ దొర మనసు మాత్రం అప్పటికే ఓ హైదరాబాదీ అమ్మాయి వశమైపోయింది!

పరదా చాటు ప్రేమ

ఆమే ఖైరున్నిసా. పేరున్న సయ్యద్‌ల ఇంటి బిడ్డ. తర్వాత దివాన్ అయిన మీర్ ఆలంకు దగ్గరి బంధువు. తోబుట్టువు పెళ్లిలో పరదా చాటు నుంచి కిర్క్‌పాట్రిక్‌ను చూసింది. అప్పటికే ఆమెకు వేరే సంబంధం ఖాయమైంది. అయినా పట్టు వీడలేదు. ఆయన ఇస్లాం స్వీకరించి నిఖా చేసుకున్నాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ మండిపడి విచారణ జరిపించినా బెదరలేదు. కోఠి రెసిడెన్సీలో ఆమె కోసం రంగ్‌మహల్ కట్టించాడు. ఘోషాలో ఉండే బేగం ఎదురుగా వెళ్లి భవనాన్ని చూడలేదు కదా... అందుకే అచ్చం అలాంటిదే చిన్న నమూనా తోటలో కట్టించాడని చెబుతారు.

ఓడెక్కిన పిల్లలు

1805లో నాలుగేళ్ల కొడుకునూ మూడేళ్ల కూతుర్నీ చదువుకని ఇంగ్లండ్ పంపేశారు. సాహిబ్ ఆలం 'విలియం' అయ్యాడు. నూరున్నిసా 'కిట్టీ' అయింది. ఓడెక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ వాళ్ల బొమ్మ గీశాడు. తల్లి మళ్లీ ఆ పిల్లల్ని చూడలేదు. అదే ఏడాది అక్టోబరు 15న భర్త కలకత్తాలో కన్నుమూశాడు.

భర్త సమాధి చూసేందుకు కలకత్తా వెళ్లిన ఖైరున్నిసా, ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ రసెల్‌ను నమ్మింది. హైదరాబాద్ రావడానికి మీర్ ఆలం ఒప్పుకోకపోవడంతో మచిలీపట్నంలో ఉండిపోయింది. రసెల్ 1808లో మద్రాసులో మరొకరిని పెళ్లాడాడు. మీర్ ఆలం పోయాకే ఆమె సొంత ఊరు చేరింది. 1813 సెప్టెంబరు 22న... ఇరవై ఏడేళ్లకే ప్రాణం విడిచింది.

ఆలస్యంగా వచ్చిన ఉత్తరం

దాదాపు మూడు దశాబ్దాల తర్వాత కిట్టీ, ఇంగ్లండ్‌లోని రసెల్ ఇంట్లో తన చిన్ననాటి బొమ్మ చూసింది. కన్నీళ్లు ఆగలేదు. అమ్మమ్మ షరఫున్నిసా హైదరాబాద్‌లో ఇంకా బతికే ఉందని తెలిసి ఉత్తరం రాసింది. ఆరేళ్లపాటు ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ కలుసుకోకుండానే 1847లో అమ్మమ్మ కన్నుమూసింది.

1860లో రంగ్‌మహల్‌ను కూల్చేశారు. రెసిడెన్సీ తర్వాత కోఠి మహిళా కళాశాల అయింది. ఖైరున్నిసా కోసం కట్టారన్న ఆ చిన్న నమూనా మాత్రం ఇప్పటికీ ఆ ఆవరణలోనే ఉంది.