థెరపీ ఖర్చుకు ‘నిరామయ’ ఆసరా

వరంగల్: మస్తిష్క పక్షవాతం, ఆటిజం, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలున్న చిన్నారుల తల్లిదండ్రులను ఏళ్ల తరబడి సాగే ఫిజియోథెరపీ, స్పీచ్‌థెరపీ ఖర్చే కుంగదీస్తోంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికే ఆసరా. థెరపీ, ఓపీ ఖర్చులనూ భరించేది నేషనల్ ట్రస్టు అమలు చేస్తున్న ‘నిరామయ’ బీమా. ఏడాదికి రూ.లక్ష వరకు వర్తిస్తుంది. థెరపీకి, ఓపీకి విడివిడి పరిమితులున్నాయి. ముందస్తు వైద్యపరీక్షలు అక్కర్లేదు.

తొలుత యూడీఐడీకి దరఖాస్తు చేసి, ఎంజీఎం వంటి ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించి వైకల్య ధ్రువపత్రం పొందాలి. అనంతరం ట్రస్టు వద్ద నమోదైన స్వచ్ఛంద సంస్థ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. రుసుము పేద కుటుంబాలకు రూ.250, ఇతరులకు రూ.500.

చిక్కల్లా ఒక్కటే. ముందు చేతి సొమ్ము చెల్లించి, ఆ తరువాత రాబట్టుకోవాలి. దినసరి కూలీకి ఇది భారమే. అందుకే వైద్యుడి చీటీ, అసలు బిల్లులు, థెరపీ రసీదులు ఒక్కటీ పారేయరాదు. పాలసీ మార్చి 31తో ముగుస్తుంది, ఆలోగా పునరుద్ధరించుకోవాలి.