ఇంజనుకూ ఉంది బోరింగు

రెడ్డిగూడెంలో బోరింగు అనగానే ఆడవాళ్లకు నీళ్ల పంపు గుర్తొస్తుంది. కారు ఇంజనుకు కూడా బోరింగు చేస్తారు. అది వేరే పని. కానీ పంపు సంగతి తెలిస్తే ఇంజను సంగతి సులువుగా తెలుస్తుంది.

చేతి పంపు లోపల సిలిండరు ఉంటుంది. అందులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. దానికి వాషర్లు ఉంటాయి. వాషర్లు అరిగితే ఏమవుతుంది? ఎంత కొట్టినా బిందె నిండదు. చేతులు నొప్పి పుడతాయి.

ఇంజనులోనూ సిలిండరు, పిస్టను ఉంటాయి. వాషర్లకు బదులు ఇనుప రింగులు ఉంటాయి. గాలి, పెట్రోలు కలిసి సిలిండరులోకి వస్తాయి. పిస్టను వాటిని గట్టిగా నొక్కుతుంది. నిప్పురవ్వ పడి భగ్గున మండుతాయి. ఆ మంట పిస్టనును తోస్తుంది. ఆ తోపుడుతోనే చక్రాలు తిరుగుతాయి.

పిస్టన్లు ఆడే చోటు ఎంతో చెప్పే కొలతే సీసీ. 1000 సీసీ అంటే ఒక లీటరు. మారుతి 800 కారుకు 3 సిలిండర్లు. మూడూ కలిపి 796 సీసీ. పాత అంబాసిడరుకు 1489 సీసీ. అంటే లీటరున్నర. అయినా చిన్న కారే ముందు ఉరికేది! అంబాసిడరు బరువు ఎక్కువ మరి. ఈ రెండు కార్ల తయారీ 2014లో ఆగిపోయింది.

ఇంజను ఎందుకు అరుగుతుంది? ముఖ్యంగా దుమ్ము వల్ల. గాలి ఫిల్టరు చిరిగితే తోట దారుల దుమ్మంతా లోపలికి పోతుంది. సిలిండరు గోడ, రింగులు అరుగుతాయి. మంట బలం సందుల్లోంచి జారిపోతుంది. ఆయిలు కాలి నీలం పొగ వస్తుంది. నలుగురు ఎక్కితే బండి ఎత్తు ఎక్కలేదు.

అప్పుడు ఇంజను విప్పి విజయవాడ ఆటోనగరుకు తీసుకుపోతారు. అక్కడ మిషను మీద సిలిండరు గోడను లోపల సమంగా చెక్కుతారు. కాస్త పెద్ద పిస్టన్లు, కొత్త రింగులు వేస్తారు. ఇదే బోరింగు.

బోరింగు చేస్తే ఇంజను పెద్దదై కారు దూసుకుపోతుందని కొందరంటారు. లెక్క చూడండి. మారుతి 800 సిలిండరు వెడల్పు 68.5 మిల్లీమీటర్లు. దాన్ని 69 చేస్తే 796 సీసీ సుమారు 808 అవుతుంది. పెరిగింది 12 సీసీ. మందు తాగే చిన్న చెంచాతో రెండున్నర చెంచాలు! కొత్త బలమేమీ రాదు. సందులు మూసుకున్నాయి గనక పోయిన పికప్పు తిరిగొస్తుంది, అంతే.

ఖర్చు మాత్రం వేలల్లో ఉంటుంది. పొదుపు డబ్బు తీసి ఇచ్చే ముందు ఇల్లాలు ఒక్క మాట అడగాలి: "కంప్రెషన్ చూశారా?" ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలో మీటరు పెట్టి చూసే పరీక్ష అది. కాసేపట్లో అయిపోతుంది. ఫిల్టరు మూసుకుపోయినా, క్లచ్చి ప్లేటు అరిగినా పికప్పు తగ్గుతుంది. వాటికి బోరింగు అక్కర్లేదు. పైగా చెక్కిన కొద్దీ గోడ పలచబడుతుంది. మాటిమాటికీ చెక్కడం కుదరదు.

బోరింగు అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు బండిని తరమకూడదు. రింగులు గోడకు సర్దుకోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే పెళ్లిళ్ల కిరాయిలు వచ్చి పడితే డ్రైవరును ఆపడం కొంచెం కష్టమే.