కట్టలు తెంచుకునే కోపము: సంఘకాపరి అవగాహన

ఆదివారము ఆరాధనలో కన్నీటితో క్షమాపణ వేడుకొని, మంగళవారము కూరలో ఉప్పు తక్కువైందని కంచము గోడకు విసిరే విశ్వాసి ఒకాయన మా సంఘములో ఉండేవాడు. ఆయనకు ఉపవాస ప్రార్థన చెప్పాను. ఆయన భార్యకు ఓర్చుకోమని చెప్పాను. ఈ రెండవ మాట చెప్పకుండా ఉండవలసింది.

మనోవైద్యములో ఈ స్థితికి 'ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్' అని పేరు. అమెరికా మనోవైద్యుల సంఘము 1980లో ప్రచురించిన వ్యాధి నిర్ధారణ గ్రంథములో ఇది చేరింది. 2013 నాటి ఐదవ కూర్పు ప్రకారము, మూడు నెలలపాటు వారానికి సగటున 2 సార్లు దూషణ గాని గాయపరచని దాడి గాని జరగాలి. లేదా 12 నెలల్లో 3 సార్లు వస్తువులు ధ్వంసము చేయడమో, ఎవరినైనా గాయపరచడమో జరగాలి. కోపము కారణానికి ఎంతో మించి ఉండాలి, ముందుగా తలపెట్టినది కాకూడదు. మద్యము, తలకు తగిలిన గాయము, మరో మానసిక వ్యాధి ఇందుకు కారణమేమో వైద్యుడు ముందు పరీక్షిస్తాడు.

సాధారణంగా ఈ ఉద్రేకము అరగంటలోపే చల్లారుతుంది. ఆ తర్వాత సిగ్గు, విచారము. ఆ విచారాన్ని నేను వేషధారణ అనుకున్నాను. అపాయాన్ని పసిగట్టే మెదడు భాగము అతిగా స్పందించడము, దానిని అదుపుచేసే ముందుభాగము పట్టు చాలకపోవడము ఇందులో కనబడతాయని పరిశోధకులు చెబుతారు.

సౌలు ఈటె విసిరిన సంగతికి (1 సమూ. 18:11) కొందరు బోధకులు ఈ వ్యాధి పేరు అంటగట్టడము విన్నాను. నేను ఒప్పుకోను. దావీదును గోడకు పొడవాలని సౌలు తలంచినట్లు వాక్యమే చెబుతోంది. అలాగే భార్యను లొంగదీసుకోవడానికి లెక్క ప్రకారము కొట్టేవాడికి ఈ పేరు చెల్లదు. ఎవరు ఏ కోవకు చెందుతారో తేల్చడము మన పని కాదు, వైద్యునిది.

గలతీ 5:20లో క్రోధము శరీరకార్యమైతే, దీనిని వ్యాధి అనడము పాపాన్ని కప్పిపుచ్చడము కాదా? విద్యార్థులు తరచుగా అడుగుతారు. జ్వరము వచ్చినవాడు మందు వేసుకోకపోతే ఆ తప్పు అతనిదే కదా! వ్యాధి అని తెలిశాక బాధ్యత పెరుగుతుందే గాని తగ్గదు. చికిత్స ఉంది: ఆలోచనలను, ప్రవర్తనను సరిదిద్దే కౌన్సెలింగ్, కొందరికి ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు. 2022లో మొదలైన టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అయితే ఇంట్లో దెబ్బలు పడుతుంటే మొదట భార్యాబిడ్డలను సురక్షిత స్థలానికి చేర్చాలి. 2005 గృహహింస చట్టము వారికి రక్షణ ఇస్తుంది. ప్రార్థన మానమనడము లేదు, ప్రార్థించి పంపండి.

ఆ సహోదరుడు ఇప్పుడు మందులు వాడుతున్నాడు, కోపము రాబోతున్నట్లు తెలియగానే వీధిలోకి నడుస్తున్నాడు. ఆమె ఇంకా పుట్టింట్లోనే ఉంది. తిరిగి వెళ్లమని ఈసారి నేను చెప్పలేదు.