కొండవాన – కడలి లోతు: బంగాళాఖాతపు లోతునీటి చేపలపై వాతావరణ ప్రభావం

అరకు లోయ పరిసర కొండలలో కురిసిన వాన చివరకు బంగాళాఖాతాన్ని చేరుతుంది. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా సాగి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. మాచ్‌ఖండ్ నది సీలేరుగా మారి, శబరి ద్వారా గోదావరిని చేరుతుంది. గంగా, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానదులు తెచ్చే అపారమైన నీటితో పోలిస్తే ఈ కొండల వాటా స్వల్పమే. అయినా తూర్పు కనుమల నేలకు, సముద్రపు లోతుకు గల సంబంధాన్ని ఇది స్పష్టం చేస్తుంది.

ఆక్సిజన్ కొరవడిన పొర

తేలికైన నదీజలం ఉప్పునీటిపై పొరగా నిలిచి, పై నీరు, లోతు నీరు కలవకుండా అడ్డుకుంటుంది. పోషకాలు పైకి రావు. ఆక్సిజన్ లోతుకు దిగదు. మృత ప్లవకాలు కుళ్ళేటప్పుడు ఉన్న ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది. అందువల్ల సుమారు 100 మీటర్ల నుండి కొన్ని వందల మీటర్ల లోతు వరకు ఆక్సిజన్ అత్యల్పంగా ఉంటుంది. నదులు తెచ్చే మట్టి రేణువులు మృత ప్లవకాలకు బరువునిచ్చి త్వరగా అడుగుకు చేర్చుతాయని, ఈ పొరలో ఆక్సిజన్ పూర్తిగా అంతరించకపోవడానికి అదొక కారణమని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం. అలా దిగిన పదార్థమే అడుగు జీవులకు ఆహారం.

చేపల స్పందన

లాంతరు చేపలు పగలు లోతున దాగి, రాత్రి మేతకై పైకి వస్తాయి. వీటిలో కొన్ని జాతులు అల్ప ఆక్సిజన్‌ను తట్టుకోగలవు. ట్యూనా వంటి చురుకైన చేపలు తట్టుకోలేక పై పొరకే పరిమితమవుతాయి. 1951–2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత సగటున 1 డిగ్రీ సెల్సియస్ పెరిగింది. వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. పొరల మధ్య అడ్డు మరింత బలపడుతుంది. ఆక్సిజన్ కొరవడిన పొర పైకి జరిగితే చేపలు ఇరుకు నీటిలో గుమికూడి సులభంగా వలకు చిక్కుతాయి. అటువంటి అధిక దిగుబడిని సమృద్ధిగా భావించడం ప్రమాదకరం.

2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ అరకు కాఫీ తోటల నీడచెట్లను కూల్చింది. అటువంటి తుపానులు సముద్రపు పై పొరలను కలియబెట్టి పోషకాలను పైకి తెస్తాయి. అయితే ఆ మేలు తాత్కాలికమే.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల లభ్యతా సూచనలకు ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితాలే ప్రధాన ఆధారం. లోతునీటి నిల్వలను అవి లెక్కించవు. అడుగున నివసించే పలు జాతులు నెమ్మదిగా పెరిగి ఆలస్యంగా పరిపక్వమవుతాయి. ఒకసారి తరిగితే కోలుకోవడానికి దీర్ఘకాలం పడుతుంది. కనుక దిగుబడితో పాటు వేట సాగిన లోతు, వెచ్చించిన కాలం, చేపల పరిమాణం కూడా నమోదు చేసేలా మత్స్యకారులను ప్రోత్సహించాలి. ఈ వివరాలు లేనిదే, పెరిగిన దిగుబడికి కారణం చేపల వృద్ధియో, వాటి ఆవాసం కుదించుకుపోవడమో తేల్చడం సాధ్యం కాదు.