పాలిచ్చినంతకాలం కడుపు రాదా?

చంటిబిడ్డ పాలు తాగుతున్నంతకాలం మళ్లీ నెల తప్పదని పెద్దవాళ్లు ధైర్యం చెబుతుంటారు. ఆ మాటలో నిజముంది, కానీ దానికి గడువుంది. గడువు సంగతి తెలియని బాలింత చంకలో బిడ్డ ఉండగానే మళ్లీ గర్భవతి కావచ్చు.

బిడ్డ చన్ను చీకినప్పుడల్లా నరాల ద్వారా కబురు మెదడులోని హైపోథాలమస్‌కు చేరుతుంది. అండాశయాలను మేల్కొలిపే హార్మోన్లు ఒక లయలో విడుదలయ్యేది దాని ఆజ్ఞతోనే. చీకడం వల్ల ఆ లయ చెదిరి, అండం పక్వానికి రాదు. అంటే రక్షణనిచ్చేది పాలు కాదు, బిడ్డ చీకడం. పాలు పిండి సీసాతో పడితే బిడ్డ కడుపు నిండుతుంది, మెదడుకు మాత్రం ఆ కబురు అందదు.

కలహారి ఎడారిలోని కుంగ్ తెగ స్త్రీలపై మెల్విన్ కానర్, కేరల్ వర్త్‌మన్ చేసిన పరిశోధన 1980లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆ తల్లులు బిడ్డను ఒంటికి ఆనించుకునే ఉంచి, పగలు గంటకు దాదాపు నాలుగుసార్లు, రెండేసి నిమిషాలు పాలిచ్చేవారు. రాత్రి పక్కలోనే పడుకోబెట్టుకునేవారు. ఏ మందూ మాత్రా లేకుండానే వాళ్ల కాన్పుల మధ్య ఎడం సగటున 44 నెలలు! ఎంతకాలం ఇచ్చారన్నదే కాదు, ఎంత తరచుగా ఇచ్చారన్నదీ ముఖ్యమని దీనితో తేలింది.

1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఈ రక్షణకు హద్దులు గీశారు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లికి నెలసరి తిరిగి మొదలవకూడదు, బిడ్డకు దాదాపు తల్లిపాలే ఆహారం కావాలి. మూడూ ఉంటే రక్షణ 98 శాతం. ఒక్కటి తప్పినా ఆ భరోసా లేదు. పగలు నాలుగు గంటలు, రాత్రి ఆరు గంటలు మించి ఎడం ఇవ్వకూడదు. తల్లి నిద్ర చెడుతుందని రాత్రిపూట పోతపాలు పట్టే ఇళ్లలో ఈ షరతే ముందుగా తప్పుతుంది. ఆ జాలిని తప్పుపట్టలేం, కానీ ఆ తల్లికి వేరే రక్షణ కావాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం, ‘ముట్టు వచ్చాక చూద్దాంలే’ అనుకోవడం. అండం విడుదలైన రెండు వారాలకు గానీ ముట్టు రాదు. కాబట్టి ఒక్కసారీ ముట్టు రాకముందే గర్భం నిలవవచ్చు. ఆరు నెలలు దాటేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది. అన్నప్రాశనకు ముహూర్తం పెట్టుకునేలోపే మరో పద్ధతి ఎంచుకోవాలి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు పాలను తగ్గించవచ్చు గనుక బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా వద్దు. కాపర్-టీని కాన్పయిన 48 గంటల్లోపే వేయించుకోవచ్చు. లక్నో శాస్త్రజ్ఞులు రూపొందించిన, హార్మోను లేని ‘ఛాయ’ మాత్ర పాలిచ్చే తల్లులకూ పనికొస్తుంది. దీన్ని మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరవాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు చెబుతుంది.