చదును చేప బకెట్‌లోకి, సొర సముద్రంలోకి... ఎందుకు?

ఆన్‌సైట్ మీద ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు, ఓ మే నెల ఆదివారం పోర్ట్స్‌మత్ నుంచి గాలాల పడవ ఎక్కాను. కీబోర్డ్ తప్ప గాలం పట్టని చేతులు నావి.

పొద్దున ప్లేస్ చేప పడింది. అప్పడంలా చదునుగా, నారింజ చుక్కలతో, రెండు కళ్లూ ఒకే వైపు! పుట్టినప్పుడు అటొకటి ఇటొకటే ఉంటాయట, పెరిగేకొద్దీ ఎడమ కన్ను కుడివైపుకి జరుగుతుంది. అక్కడ 27 సెంటీమీటర్లకి తగ్గితే వదిలేయాలి. మాది 31, బకెట్‌లో వేశాం.

మధ్యాహ్నం గాలం కర్ర విల్లులా వంగింది. మీటరు పొడవు టోప్ సొర! నాకు అమ్మ చేసే సొర పుట్టు గుర్తొచ్చింది. కెప్టెన్ మాత్రం కుదరదన్నాడు. పడవ మీంచి గాలంతో పట్టిన టోప్‌ని ఒడ్డుకి తేకూడదని అక్కడ 2008 నుంచి రూల్.

లెక్క సింపుల్. ప్లేస్ లక్షల్లో గుడ్లు పెడుతుంది. ఆడ టోప్ ఈడుకి రావడానికే పదేళ్లు దాటుతుంది, కాన్పుకి పదుల్లోనే పిల్లలు, అదీ ఏటా కాదు. ఒక్కటి పోతే ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. 2020లో ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పు అతి ఎక్కువగా ఉన్న జీవుల్లో చేర్చింది.

సెల్ఫీ కోసం తోక పట్టి వేలాడదీయబోయా. కెప్టెన్ గట్టిగా అరిచాడు. సొరకి ఎముకలుండవు, మృదులాస్థే. అలా వేలాడదీస్తే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. చేతులు తడుపుకుని, పొట్ట కింద ఆనించి నీళ్లలోకి వదిలాం. తోక ఒక్కసారి ఆడించింది, మాయమైంది.

ఫొటో లేదు. ఫర్వాలేదు. మీరు గాలం వేసే ముందు ఫోన్‌లో అక్కడి రూల్ చూడండి, కెమెరా తర్వాత. ఉంటా మరి, బై!