ఈ గుండెదడ గుండెది కాదు

"డాక్టరు గారూ, గుండెజబ్బేమో చూడండి" అంటూ ఆమధ్య ఒక గుమాస్తా మా ఆసుపత్రికి వచ్చాడు. వయసు 38, ఇద్దరు పిల్లలు. ఇ.సి.జి. తీయించాను, థైరాయిడ్ పరీక్ష చేయించాను. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. గదిలో ఎవరూ లేకుండా చూసుకుని అప్పుడు చెప్పాడు అసలు సంగతి. చిన్నతనం నుంచీ ఆడవారి దుస్తులు వేసుకోవాలన్న కోరిక. నెలకోసారి పొరుగూరు వెళ్ళి, లాడ్జిలో చీర కట్టుకుని, సందెచీకట్లో బస్టాండు దాకా నడిచి వస్తాడట. ఒకనాడు తన ఆఫీసు అటెండరు ఎదురయ్యాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఆనాటి నుంచి నిద్ర లేదు. ఫోను మోగితే చాలు, దడ. (అతని అనుమతితోనే, ఊరూ పేరూ లేకుండా రాస్తున్నాను.)

మీలోనూ ఇలాంటివారు ఉండవచ్చు. ఈ కోరిక జబ్బు కాదు. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో దీనికి చోటు లేదు. ఇలాంటివారంతా ఆపరేషన్ కోరుకుంటారనీ, సంసారానికి పనికిరారనీ అనుకోవడం వట్టి అపోహ. స్థానం నరసింహారావు గారి సత్యభామ వేషానికి మా తాతగారి తరం నీరాజనాలు పట్టింది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవారు ఆడవేషం కడితే దణ్ణం పెడతాం. పక్కింటాయన కడితే మాత్రం నవ్వుతాం!

బాధపెట్టేది భయం. భయపడినప్పుడు అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. ఆ దడ చూసి మనిషి ఇంకా భయపడతాడు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు 2000లో ఒక ప్రయోగం ప్రచురించారు. సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న చొక్కా తొడిగి విద్యార్థులను నలుగురిలోకి పంపితే, దాదాపు సగం మంది గమనించి ఉంటారని వారు అనుకున్నారు. గమనించింది పావువంతే. చొక్కా వేరు, మన ఊళ్ళో మగవాడు చీర కట్టడం వేరు. ఎవరూ చూడరని నేను చెప్పను. కానీ చూసిన ప్రతివాడూ గుర్తుపట్టడు.

బయటికి వెళ్ళేవారు నిర్మానుష్యమైన చోటుకు ఒంటరిగా పోవద్దు. ధైర్యానికి మందు కొట్టవద్దు. దడ తగ్గాలని ప్రొప్రనొలాల్ బిళ్ళలు సొంతంగా కొని మింగవద్దు, ఉబ్బసం ఉన్నవారికి ప్రాణం మీదికి వస్తుంది. షాకులిచ్చి మానిపిస్తామనేవారి జోలికి అసలే పోవద్దు. బయటపెడతామని డబ్బు గుంజితే అది నేరం, పోలీసులకు చెప్పవచ్చు. నిద్ర పట్టకపోతే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం.

మా గుమాస్తాను ముందు భార్యకు చెప్పమన్నాను. నెల రోజులు తటపటాయించి, చివరికి ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడకు లాడ్జి రశీదు ఎప్పుడో దొరికిందట. "ఇంకో ఆడమనిషి ఉందనుకుని రెండేళ్ళుగా ఏడుస్తున్నానండీ" అంది. ఈ సంగతీ ఆమెకు ఇంకా పూర్తిగా మింగుడు పడలేదు. పిల్లలకు తెలిస్తే ఎలా అని అడిగింది. దాని గురించి మాట్లాడుకోవడానికి వచ్చే మంగళవారం ఇద్దరినీ మళ్ళీ రమ్మన్నాను.